షిఫ్టు చేతులు మారే ఇరవై నిమిషాలు: ప్లాంటులో అప్పగింత ఎలా జరపాలి

బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంటులో ఏ గొడవ మూలం తవ్వినా రెండు వాక్యాలు ఎదురెదురుగా నిలబడతాయి. "నేను చెప్పాను కదా" అని ఒకరు, "నాకెవరూ చెప్పలేదు" అని ఇంకొకరు. చాలాసార్లు రెండూ నిజమే. చెప్పినాయన హెల్మెట్ తీస్తూ, బయట బస్సు హారన్ కొడుతుంటే చెప్పాడు. విన్నాయన షూ లేసులు కట్టుకుంటూ "ఆఁ ఆఁ" అన్నాడు. మాట గాల్లోకి పోయింది, బ్యాచ్ క్వాలిటీ వాళ్ల దగ్గరికి పోయింది.

సంస్థలో సమాచారం అనగానే సర్క్యులర్లు, నోటీసు బోర్డులు, ఎండీ గారి ప్రసంగం గుర్తొస్తాయి. మూడు షిఫ్టుల ప్లాంటులో అసలు సమాచారం ఉదయం 6కు, మధ్యాహ్నం 2కు, రాత్రి 10కి చేతులు మారుతుంది. ఒక్కో బ్లాకులో నెలకు తొంభై సార్లు. అక్కడ జారినదాన్ని పైనుంచి ఎన్ని మీటింగులు పెట్టినా పట్టుకోలేరు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, పైడిభీమవరం లాంటి చోట్ల షిఫ్టు ఇన్‌చార్జిగానో ప్రొడక్షన్ మేనేజర్‌గానో ఉన్నవాళ్లు ఒక బ్లాకులో మొదలుపెట్టి చేయగలిగిన పద్ధతి ఇది. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక పుస్తకం, ఒక తెల్లబోర్డు, ఇరవై నిమిషాలు చాలు. ఆ ఇరవై నిమిషాలు సంపాదించడమే కష్టం, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. ముందు బస్సు టైము మార్చండి

వచ్చే షిఫ్టు బస్సు 5:55కి గేటు దగ్గర ఆగుతుంది. అదే బస్సు పోయే షిఫ్టును ఎక్కించుకుని 6:10కి బయల్దేరుతుంది. మధ్యలో పంచింగ్, బట్టలు మార్చుకోవడం, గౌను, సేఫ్టీ షూ. లెక్క వేస్తే అప్పగింతకు మిగిలేది సున్నా. ఇలాంటి చోట "హ్యాండోవర్ సరిగా చేయండి" అని ఎన్ని మెమోలు ఇచ్చినా లాభం లేదు. బస్సు తప్పితే పఠాన్‌చెరు దాకా ఆటో ఖర్చు ఆపరేటర్‌దే అయినప్పుడు ఆయన బస్సువైపే చూస్తాడు. తప్పు ఆయనది కాదు.

వచ్చే బస్సు 5:35కి చేరాలి, పోయే బస్సు 6:20కి ముందు కదలకూడదు. రవాణా కాంట్రాక్టరుతో మాట్లాడేది హెచ్ఆర్, అడగాల్సింది మీరు. ఒకే బస్సు రెండు కంపెనీలకు తిరుగుతుంటే ఇక్కడే చిక్కు వస్తుంది. అలాంటప్పుడు అందరికీ కాకుండా షిఫ్టు ఇన్‌చార్జి, ప్యానెల్ (మీటర్లు, స్విచ్చులుండే కంట్రోల్ బోర్డు) ఆపరేటర్లు, యుటిలిటీ (స్టీమ్, చల్లదనం లాంటివి అందించే విభాగం) ఆపరేటర్, ఈ నలుగురైదుగురికి వేరే వ్యాన్ పెట్టించండి. అప్పగింత ముఖ్యంగా వాళ్లదే.

పని గంటలు కూడా ముందే లెక్క చూసుకోండి. అరగంట విరామం కలిసిన ఎనిమిది గంటల షిఫ్టులో అసలు పని ఏడున్నర గంటలు. దానికి ఇరవై నిమిషాలు కలిపితే రోజుకు 7 గంటల 50 నిమిషాలు, ఆరు రోజులకు 47 గంటలు. వారానికి 48 గంటల పరిమితి దాటదు. విరామాన్ని పనిలో కలిపి లెక్కేసే కంపెనీ అయితే దాటిపోతుంది, ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిందే. ఒకే రకం పని మీద రెండు షిఫ్టుల వాళ్లు ఒకేసారి ఉండకూడదన్న నిబంధన 1948 ఫ్యాక్టరీల చట్టం 58వ సెక్షన్ నాటిది. అందువల్ల ఈ ఇరవై నిమిషాల ఏర్పాటును హెచ్ఆర్ చేత ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలో ముందే అడిగించి, కాగితం మీద పెట్టించుకోండి. డబ్బులివ్వకుండా "పది నిమిషాలు ముందు రండి, పది నిమిషాలు ఆగండి" అంటే మొదటి వారం వింటారు. రెండో వారానికి అప్పగింత మళ్లీ గేటు దగ్గరికి చేరుతుంది.

2. పుస్తకంలో ఏ గడులు ఉండాలి

బ్యాచ్ రికార్డు వేరు, అప్పగింత పుస్తకం వేరు. బ్యాచ్ రికార్డులో జరిగింది ఉంటుంది. వచ్చే షిఫ్టుకు కావాల్సింది ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, మామూలుకు ఏం తేడాగా ఉంది, తర్వాత ఏం చేయాలి అన్నది. పేజీ నంబర్లు ముద్రించిన, కుట్టిన పుస్తకం వాడండి. క్వాలిటీ విభాగం చేత దాన్ని జారీ చేయించండి, లేకపోతే ఆడిట్‌లో "ఇదేం పుస్తకం?" అన్న ప్రశ్న వస్తుంది. ఒక షిఫ్టుకు ఎదురెదురు రెండు పేజీలు.

ఎడమ పేజీలో పరికరాల పట్టిక: రియాక్టర్లు (రసాయనాలు కలిపే పాత్రలు), సెంట్రిఫ్యూజులు (ద్రవం నుంచి గట్టి పదార్థాన్ని వేరుచేసేవి), డ్రయ్యర్లు వరసగా ముందే ముద్రించి ఉండాలి. ఒక్కోదానికి బ్యాచ్ నంబరు, ఏ స్టేజి, స్టిర్రర్ (లోపల కలియబెట్టేది) తిరుగుతోందా లేదా, లోపలి ఉష్ణోగ్రత, ప్రెషరా వాక్యూమా, ఎన్ని గంటలకు చూసిన రీడింగ్. ఖాళీగా ఉన్న రియాక్టరుకు కూడా "ఖాళీ, కడిగింది" అనో "ఖాళీ, కడగలేదు" అనో రాయాలి. ఖాళీ గడి అంటే "ఏమీ లేదు" అని ఒకరు అనుకుంటారు, "రాయడం మర్చిపోయారు" అని ఇంకొకరు అనుకుంటారు.

కుడి పేజీలో ఐదే శీర్షికలు చాలు: మామూలుకు భిన్నంగా ఉన్నవి, తెరిచి ఉన్న పర్మిట్లు (ఇంకా ముగియని మరమ్మతు పనుల అనుమతి పత్రాలు), బైపాస్ చేసిన (తాత్కాలికంగా పనిచేయకుండా ఆపిన) అలారాలూ ఇంటర్‌లాకులూ (ప్రమాదకర స్థితిలో పరికరాన్ని వాటంతటవే ఆపే ఏర్పాట్లు), యుటిలిటీ (బ్రైన్ అనే చల్లని ఉప్పునీరు, స్టీమ్, నైట్రోజన్, వాక్యూమ్), వచ్చే షిఫ్టు చేయాల్సినవి. చాలా కంపెనీల ఫారంలో ఇరవై రెండు గడులుంటాయి. ఆడిట్ జరిగిన ప్రతిసారీ ఒక గడి చేరుతుంది, ఏదీ పోదు. ఇరవై రెండు గడుల ఫారాన్ని ఎవరూ చదవరు. టిక్కులు పెట్టుకుంటూ పోతారు, రోజూ అవే టిక్కులు.

3. "కొంచెం" అన్న మాటను పుస్తకంలోకి రానివ్వొద్దు

మన ప్లాంటుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం "కొంచెం చూసుకో". ఏది చూసుకోవాలి, ఎంత దాటితే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, మూడూ అందులో లేవు. చెప్పినాయనకు మాత్రం చెప్పేశానన్న తృప్తి మిగులుతుంది.

2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో ఒక టవరు పొంగిపొర్లి, ఆవిరి అంటుకుని 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. రాత్రి షిఫ్టు లాగ్ బుక్కులో ఆ యూనిట్ గురించి రాసింది ఒక్క లైను. యూనిట్‌లోకి కొంత రాఫినేట్ (ఒక పెట్రోలియం ద్రవం) తెచ్చామని దాని సారాంశం. ఎంత నింపారు, ఏ దారిలో పంపారు, ఎక్కడ ఆపారు అన్నవి అందులో లేవు. నింపే పనిలో ఉన్న ముఖ్య ఆపరేటర్ షిఫ్టు ముగియకముందే వెళ్లిపోయాడు. పగటి షిఫ్టు వాళ్లు ఆ "కొంత" మీద ఇంకా నింపుతూ పోయారు. ప్రమాదానికి వేరే కారణాలు కూడా చాలా ఉన్నాయి, కానీ ఆ ఒక్క లైనును అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు తన నివేదికలో ప్రత్యేకంగా ఎత్తి చూపింది.

మన దగ్గర రోజూ కనిపించే ఎంట్రీ చూడండి. ఆర్-104 ఒక రియాక్టరు, యాడిషన్ అంటే అందులోకి రసాయనం మెల్లగా పోయడం, జాకెట్ అంటే దాన్ని చల్లబరిచే బయటి తొడుగు. ఎంట్రీ ఇలా ఉంటుంది: "ఆర్-104 యాడిషన్ నడుస్తోంది. టెంపరేచర్ కొంచెం ఎక్కువ. చూసుకోవాలి."

అదే ఎంట్రీ ఇలా ఉండాలి: "ఆర్-104: యాడిషన్ 3:40కి మొదలు. 120 లీటర్లలో 85 పోశాం. 5:10కి ఆపాం, లోపల 12 డిగ్రీలకు వచ్చింది, పరిమితి 10. స్టిర్రర్ తిరుగుతోంది, ఆపొద్దు. జాకెట్‌కు బ్రైన్ మైనస్ 8 రావాలి, మైనస్ 3 వస్తోంది. యుటిలిటీకి 5:15కి చెప్పాం. 8 కన్నా కిందికి దిగాకే మళ్లీ పోయాలి. 6:30కి దిగకపోతే ప్రొడక్షన్ మేనేజర్‌కు ఫోన్."

చూడటానికి పొడవుగా ఉంది, రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇందులో "స్టిర్రర్ ఆపొద్దు" అన్న మాట ఎందుకుందో కొత్తవాళ్లకు చెప్పండి. వేడి పుట్టించే రియాక్షన్‌లో స్టిర్రర్ ఆగి ఉండగా రియేజెంట్ (పోసే రసాయనం) పడితే అది కలవకుండా ఒకచోట పేరుకుంటుంది. ఆ సంగతి తెలియని వచ్చే షిఫ్టు స్టిర్రర్ ఆన్ చేస్తే పేరుకున్నదంతా ఒక్కసారిగా కలిసి ఉష్ణోగ్రత చేతికి అందకుండా పోతుంది. అందుకే స్టిర్రర్ గడి ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. ఎప్పుడైనా ఆగి ఉంటే ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఆగిందో రాయాలి.

జరిగింది జరిగినప్పుడే రాయించండి. చివరి పది నిమిషాల్లో గుర్తుచేసుకుని రాసేదాంట్లో టైములన్నీ 5:00, 5:30 అని గుండుగా ఉంటాయి. అనుభవమున్న ఆడిటర్ పేజీ తిప్పగానే ఆ గుండు అంకెలే చూస్తాడు. అరచేతి మీద, గ్లవ్స్ బాక్సు అట్ట మీద రాసుకుని తర్వాత పుస్తకంలో ఎక్కించే అలవాటు ఫార్మాలో డేటా సమగ్రత నిబంధనకే విరుద్ధం. పుస్తకం ఆఫీసు గదిలో ఉంటే అలాగే రాసుకుంటారు. పుస్తకాన్ని ప్యానెల్ పక్కకు తెచ్చి పెట్టండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ. వైటెనర్ వద్దు, పేజీ చించొద్దు.

4. ఇద్దరూ కలిసి నడవాలి

పుస్తకం చేతికిచ్చి వెళ్లిపోతే అది సగం అప్పగింతే. ఇరవై నిమిషాలను ఇలా వాడండి. మొదటి మూడు నిమిషాలు వచ్చినాయన ఒక్కడే పుస్తకం చదువుతాడు, పోయేవాళ్లు మాట్లాడరు. చదవకముందే మాట్లాడితే ఇక చదవరు. తర్వాత ఐదు నిమిషాలు ప్యానెల్ ముందు: కుడి పేజీలోని "మామూలుకు భిన్నంగా ఉన్నవి" ముందు, బాగా నడుస్తున్నవి ఆఖరున. మనకు సహజంగా వచ్చే వరస దీనికి తలకిందులు. "అంతా ఓకే, ఆ ఒక్కటి మాత్రం..." అంటాం. "అంతా ఓకే" దగ్గరే వినేవాడి చెవి మూసుకుంటుంది.

మిగతా పన్నెండు నిమిషాలు ఫ్లోరు మీద. భిన్నంగా ఉన్న ప్రతిదాని దగ్గరా ఆగి చేత్తో చూపించాలి. తాత్కాలికంగా వేసిన క్లాంపు, మూసిన వాల్వు, ట్యాగు కట్టిన పంపు. బాగా నడుస్తున్న రియాక్టర్లన్నిటి చుట్టూ తిరగక్కర్లేదు, టైము చాలదు. సి షిఫ్టు (రాత్రి 10 నుంచి ఉదయం 6) నుంచి ‘ఏ’ షిఫ్టుకు (A, ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2) జరిగే అప్పగింతలో నడక ఎగ్గొట్టడం ఎక్కువ. రాత్రంతా నిలబడినవాళ్ల కాళ్లు లాగుతుంటాయి. అక్కడ వచ్చేవాళ్లే "రా అన్నా, ఒక్క ఐదు నిమిషాలు" అని బయల్దేరదీయాలి. ఆ పని వచ్చే ‘ఏ’ (A) షిఫ్టు ఇన్‌చార్జిది అని రాసిపెట్టండి.

కొన్ని రోజుల్లో టైము పెంచాలి. వారం సెలవు తర్వాత వచ్చినవాళ్లకు, సంక్రాంతి సెలవుల తర్వాత ప్లాంటు మళ్లీ ఎక్కించే రోజు, కొత్త ప్రొడక్టు మొదటి మూడు బ్యాచులు, మెయింటెనెన్స్ సగంలో ఉన్న రోజు, పదేళ్ల అనుభవమున్న ఆపరేటర్ ఆరు నెలల అనుభవమున్నవాడికి అప్పగించే రోజు. ఈ ఆఖరిది అందరూ మర్చిపోతారు. పాతకాపుకు తనకు తెలిసింది అందరికీ తెలుసన్న భ్రమ ఉంటుంది. కొత్తవాడికి అడిగితే చిన్నచూపు చూస్తారన్న భయం.

5. "అర్థమైందా?" అని అడగొద్దు

ఆ ప్రశ్నకు మన దగ్గర ఒకే జవాబు: "ఆఁ, అర్థమైంది సార్." అర్థం కాకపోయినా అదే జవాబు. దానికి బదులు వినేవాడి చేత తిరిగి చెప్పించుకోండి. విమానాలకు గ్రౌండ్ నుంచి ఆదేశం వస్తే పైలట్ అదే ఆదేశాన్ని తిరిగి పలుకుతాడు. ఆ పద్ధతే ఇది.

ఇబ్బంది ఎక్కడంటే, ముప్పై ఏళ్ల ఇన్‌చార్జి యాభై ఏళ్ల ఆపరేటర్‌ను "చెప్పండి చూద్దాం" అంటే పాఠం అప్పజెప్పమన్నట్టు ఉంటుంది, ఆయన మనసు నొచ్చుకుంటుంది. అడిగే తీరు మార్చాలి. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటా. 104లో ఇప్పుడు మీరేం చేయబోతున్నారు, ఒకసారి చెప్పండి అన్నా" అంటే బరువు అడిగినవాడి మీద పడుతుంది. ఆయన సాధారణంగా ఇలా అంటాడు:

"8కి దిగాక మళ్లీ మొదలుపెడతా. దిగకపోతే మేనేజర్‌కి చేస్తా."

"ఎన్నింటికి?"

"ఆరున్నరకి."

"ఇంకెన్ని లీటర్లున్నాయి?"

ఇక్కడ ఒక క్షణం ఆగాడంటే అప్పగింత పని చేసినట్టే. ఆ ఆగడం కోసమే ఈ తంతంతా. 35 అని పుస్తకం చూసి చెబుతాడు, మర్చిపోడు.

అంకెలు ఇంగ్లీషులో చెప్పడం మన అలవాటు, దాన్ని మార్చలేం. కానీ మోటార్ల రొదలో, మాస్కు వెనక నుంచి "ఫిఫ్టీన్"కూ "ఫిఫ్టీ"కీ తేడా తెలియదు. "వన్ ఫైవ్", "ఫైవ్ జీరో" అని విడివిడిగా పలకడం నియమంగా పెట్టండి. పరికరాల నంబర్లకూ అంతే. 104ను, 140ని రెండింటినీ ఒకే బ్లాకులో పెట్టిన డిజైనర్‌ను తిట్టుకుంటూనైనా "వన్ జీరో ఫోర్" అనండి.

అంతా అయ్యాక ఇద్దరి సంతకాలు, టైముతో. సంతకం పడే దాకా బాధ్యత పోయే షిఫ్టుది, పడిన క్షణం నుంచి వచ్చిన షిఫ్టుది. సందేహం తీరకపోతే సంతకం పెట్టకుండా ఆగే హక్కు వచ్చినవాళ్లకుందని మేనేజర్ అందరి ముందూ చెప్పాలి. ఎవరైనా నిజంగా ఆగిన రోజు వాళ్లను కసిరితే ఆ హక్కు ఇక కాగితం మీదే.

6. పర్మిట్లు పంపు దగ్గర ఉండాలి, బీరువాలో కాదు

1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద 167 మంది చనిపోయారు. అక్కడ రెండు కండెన్సేట్ (గ్యాసు నుంచి వచ్చే మండే ద్రవం) పంపులు. ఒకదాని మీది రిలీఫ్ వాల్వును (ఒత్తిడి పెరిగితే తెరుచుకునే వాల్వు) పరీక్షకోసం విప్పి, ఆ చోట ఒక బ్లైండ్ (మూతబిళ్ల) బిగించారు, అదీ గట్టిగా కాదు. సాయంత్రానికి పని పూర్తికాలేదు. పర్మిట్ ఆపిపెట్టి వెళ్లిపోయారు. వాల్వు లేదన్న సంగతి రాత్రి షిఫ్టు చెవిన పడలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. వాళ్లు వెతికితే మొదటి పంపు మరమ్మతు పర్మిట్ దొరికింది, ఆ పని ఇంకా మొదలే కాలేదని అందులో ఉంది. వాల్వుకు ఇచ్చిన వేరే పర్మిట్ దొరకలేదు. సరే అని ఆ పంపు ఆన్ చేశారు.

మీ ప్లాంటులో చేయాల్సినవి దీంట్లోంచే వస్తాయి. ఒకే పరికరం మీద రెండు పర్మిట్లుంటే ఒకదాని నంబరు ఇంకొకదానిపై రాయాలి, రెండూ ఒకే క్లిప్పుకు పెట్టాలి. పని మధ్యలో ఆపిన పర్మిట్‌ను సేఫ్టీ ఆఫీసుకు పంపకుండా కంట్రోల్ ప్యానెల్ పక్క బోర్డు మీద ఎర్ర క్లిప్పుతో వేలాడదీయాలి. అప్పగింతలో ఆ బోర్డు ముందు నిలబడి ఒక్కో పర్మిట్ పైకి చదవాలి. పరికరం దగ్గర తాళం, ట్యాగు. ఆ తాళం చెవి విప్పినవాడి జేబులో ఇంటికి పోకూడదు, షిఫ్టు లాక్ బాక్సులో ఉండాలి. మెయింటెనెన్స్ ఫిట్టర్ జనరల్ షిఫ్టు మనిషై 5:30కి వెళ్లిపోతాడు కాబట్టి రాత్రి 10కి జరిగే అప్పగింతలో అతని మాట వినపడదు. సగం పని మిగిలి ఉంటే బి (మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10) షిఫ్టు ఇన్‌చార్జికి ముఖాముఖి చెప్పి సంతకం తీసుకున్నాకే అతను గేటు దాటాలి.

బైపాస్ చేసిన అలారాలకూ ఇదే బోర్డు. ఎవరు, ఎందుకు, ఎప్పటిదాకా అని మూడు మాటలు. "ఎప్పటిదాకా" లేని బైపాస్ ఆరు నెలల తర్వాత ప్లాంటు డిజైన్‌లో భాగమైపోతుంది.

7. రిలీవర్ (మన చోటు తీసుకునే మనిషి) రాకపోతే

ఆదివారం సి షిఫ్టుకు, పెళ్లిళ్ల సీజనులో, ఇది జరిగి తీరుతుంది. మనిషి రాలేదని ప్యానెల్ వదిలి వెళ్లకూడదు, దానికి అందరూ ఒప్పుకుంటారు. తర్వాత ఏమిటన్నదే ముందు రాసిపెట్టుకోవాలి. పావుగంటలో రాకపోతే ఇన్‌చార్జి ఫోన్ చేస్తాడు, అరగంటలో ప్రత్యామ్నాయం పేరు ఖాయం కావాలి. ఆ పేర్ల జాబితా నెల ముందే గోడ మీద ఉండాలి. లేకపోతే ఎవరు "సరే" అంటారో ఆ మెత్తని మనిషి మీదే ప్రతిసారీ డబుల్ డ్యూటీ పడుతుంది. పదహారో గంటలో ఉన్న మనిషి చేసే అప్పగింత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. టెక్సాస్ సిటీలో ప్రమాదం నాటికి ఆపరేటర్లు పన్నెండు గంటల షిఫ్టుల్లో 29 రోజులు, అంతకు మించి వరసగా పనిచేస్తున్నారు.

8. కాంట్రాక్టు వాళ్ల దగ్గరికి మాట ఎలా చేరుతుంది

సాధారణంగా చేరదు. అప్పగింత కెమిస్టులు, ఆపరేటర్ల మధ్య జరుగుతుంది. డ్రమ్ములు దొర్లించేవాళ్లు, సెంట్రిఫ్యూజ్ దించేవాళ్లు ఒడిశా, బీహార్, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చినవాళ్లు బయట నిలబడి ఉంటారు. షిఫ్టు మొదలైన పావుగంటకు వాళ్లతో ఐదు నిమిషాల నిలువు మీటింగ్ పెట్టండి. మూడే విషయాలు: ఈరోజు ఏ చోటికి వెళ్లకూడదు, ఏ మెటీరియల్‌తో జాగ్రత్త, ఏం జరిగితే ఎటు పరిగెత్తాలి. హిందీ, ఒడియా తెలిసినవాళ్లలో ఒకరిని చెప్పమనండి, వాళ్లలో ఒకరి చేతే తిరిగి చెప్పించండి. సూపర్‌వైజర్ తెలుగులో చెప్పి "సమఝ్ గయా?" అని ముగిస్తే అది మీటింగ్ కాదు.

చదవలేనివాళ్లకు రంగు పనిచేస్తుంది. ఎర్ర ట్యాగు ముట్టుకోవద్దు, పచ్చ ట్యాగు వాడొచ్చు. మూడో రంగు పెట్టకండి. పెట్టిన ప్లాంటుల్లో పసుపుకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెబుతారు.

9. వాట్సాప్ గ్రూపు

దాన్ని తీసేయమని ఎవరూ చెప్పలేరు, చెప్పినా ఇంకోటి పుడుతుంది. కానీ సాల్వెంట్ (మంటలంటుకునే ద్రవాల) ఏరియాలోకి మామూలు ఫోన్ తీసుకెళ్లకూడదు కదా. లాకరులో పెట్టిన ఫోనుకు వచ్చిన మెసేజీ ఫ్లోరు మీద ఉన్నవాడికి అందినట్టు ఎలా అవుతుంది? "గ్రూపులో పెట్టాను" అన్నది "చెప్పాను" అన్నదానికి కొత్త రూపం. ఒక మేనేజర్ ఇంటి నుంచి రాత్రి 11:40కి "104 ఆపండి" అని గ్రూపులో పెడితే, అది శుభరాత్రి గులాబీల కింద ఉదయం దాకా పడి ఉంటుంది.

నియమం ఒకటి చాలు: ప్రాసెస్‌లో ఏ మార్పూ గ్రూపు ద్వారా చెప్పకూడదు. ప్యానెల్ ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసి, అవతలి మనిషి చేత తిరిగి చెప్పించుకుని, అతను పుస్తకంలో రాసి సమయం చెప్పాక పెట్టేయాలి. గ్రూపులో బస్సు ఆలస్యం, క్యాంటీన్ మెనూ, సెలవు మార్పిడి ఉండనివ్వండి. అడ్మిన్లు మాత్రమే రాసే రెండో గ్రూపు ఒకటి పెట్టి రోస్టరు, మీటింగు తేదీలు అందులో వేయండి.

ప్రమాదం వచ్చినప్పుడు ఫోనూ కాదు, గ్రూపూ కాదు, సైరనే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయిన ఘటనలో, సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటున్నా అది మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రాసింది. సైరన్ బటన్ ఎక్కడుందో, నొక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని షిఫ్టులో ప్రతి ఒక్కరికీ తెలుసా అని నెలకోసారి అడిగి చూడండి. "ఇన్‌చార్జి గారిని అడిగి నొక్కుతాం" అన్న జవాబు వస్తే అక్కడే ఆగి సరిచేయండి.

10. కింది నుంచి పైకి వచ్చే మాట

ఇక్కడ పద్ధతి కన్నా జవాబే ముఖ్యం. ఆపరేటర్ "ఈ గాస్కెట్ చెమ్మగిల్లుతోంది" అని నియర్‌మిస్ చీటీ (ప్రమాదం కాకుండా తప్పిపోయినవాటిని, కాబోయేవాటిని తెలిపేది) రాస్తే 48 గంటల్లో బోర్డు మీద మూడింటిలో ఒకటి పడాలి: చేశాం, ఫలానా తేదీకి చేస్తాం, చేయడం లేదు, కారణం ఇది. మూడోది రాయడానికి మేనేజర్లు వెనకాడతారు. నిజానికి "చేయం, ఎందుకంటే" అన్న జవాబును జనం ఒప్పుకుంటారు. ఏ జవాబూ రాని మూడు చీటీల తర్వాత నాలుగోది రాయరు. ఈ నెల నియర్‌మిస్‌లు సున్నా అని స్వీట్లు పంచే కంపెనీలో చీటీలు ఆగిపోయాయి, లీకులు ఆగలేదు.

చీటీ రాసినవాణ్ణే "అది నీ షిఫ్టులోనే కదా జరిగింది" అని పిలిచి అడగడం ఒక్కసారి జరిగితే చాలు, ఆ బ్లాకులో ఏడాదిపాటు పెట్టె ఖాళీగా ఉంటుంది.

11. పనిచేస్తోందో లేదో చూడటం

ఒకే బ్లాకులో, సి నుంచి ‘ఏ’ షిఫ్టుకు జరిగే అప్పగింతతో మొదలుపెట్టండి. మూడు వారాలు అక్కడే ఉంచి, కుదిరాక మిగతా రెండింటికి పాకించండి. మొదటి వారం మేనేజర్ ఉదయం 5:40కి అక్కడ ఉండాలి, నోరు మెదపకుండా. ఆయన మాట్లాడితే అప్పగింత ఆయనకు జరుగుతుంది, రిలీవర్‌కు కాదు.

వారానికోసారి పుస్తకంలోంచి మూడు ఎంట్రీలు ఏరి ఫ్లోరు మీదికి వెళ్లి పోల్చండి. రాసిన వాల్వు నిజంగా మూసి ఉందా, రాసిన పర్మిట్ బోర్డు మీద ఉందా. తేడా ఉంటే ఎవరని అడిగేముందు పుస్తకం ఎక్కడుంది, టైము ఎంతుంది, పెన్ను ఉందా అని చూడండి. పెన్ను తాడుతో కట్టి లేకపోతే అది రెండో రోజుకే మాయమవుతుంది.

ఇంకో కొలత ఉంది, దానికి డబ్బు ఖర్చు లేదు. ఇంటికి వెళ్లిపోయిన షిఫ్టు వాళ్లకు ప్లాంటు నుంచి ఎన్ని ఫోన్లు వెళ్లాయో ప్యానెల్ పక్క కాగితం మీద గీతలు పెట్టించండి, ఎందుకు చేశారో ఒక్క మాటతో. "సాల్వెంట్ ఎన్ని డ్రమ్ములు దించారు?", "తాళం చెవి ఎక్కడ?", "పీహెచ్ చూశారా?" సి షిఫ్టు చేసి పది గంటలకు నిద్రలో ఉన్నవాడిని లేపి అడిగిన ప్రతి ప్రశ్నా ఉదయం పుస్తకంలో లేని ఒక గడి. నెల చివర ఆ ప్రశ్నలు ముందేసుకుని, పదేపదే వచ్చినదానికి ఎడమ పేజీలో చోటివ్వండి. దాని బదులు ఎవరూ చూడని ఒక గడిని తీసేయండి.